నిజాయితీ ఖర్చు ఎవరి ఖాతాలో?

మేళ్లచెరువు యాప్ తెరిచి బండి పిలుచుకునే ఊరు కాదు. సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, కోదాడ వైపూ హుజూర్‌నగర్ వైపూ తిరిగే ఆటోలు, ఆర్టీసీ బస్సులు: ఇక్కడి రాకపోకలన్నీ వీటి మీదే. ఆటో ఎక్కే మనిషికి డ్రైవర్ ఎవరి కొడుకో తెలుసు, డ్రైవర్‌కు ఎక్కిన మనిషి ఏ బజారో తెలుసు. కిరాయి ఎంతో ఇద్దరికీ ముందే తెలుసు. ఏ బండి ముందు కదలాలో అడ్డా మీది సీరియల్ చెబుతుంది. సీరియల్ తప్పి గిరాకీని ఎక్కించుకుంటే తోటి డ్రైవర్లే ఊరుకోరు. పల్లె అడ్డాల ఏర్పాటును ఆకాశానికెత్తాల్సిన పనేమీ లేదు. ముగ్గురు పట్టే చోట పదిమందిని కుక్కడం, డ్రైవర్ సీటుకు అటొకరినీ ఇటొకరినీ వేలాడదీయడం ఇలాంటి అడ్డాల మీదే, అందరి కళ్లముందే జరుగుతుంది. అయినా కిరాయి దగ్గర దగా మాత్రం తక్కువ. ఇక్కడి డ్రైవర్లు పుట్టుకతోనే సత్యసంధులా? అలా అనుకోవడానికి లేదు. ఇలాంటి ఊళ్ల కుర్రాళ్లే, ఇదే పెంపకంతో, హైవే మీద మూడు నాలుగు గంటల దూరాన హైదరాబాద్‌లో కారు నడుపుతూ “మీరు క్యాన్సిల్ చేసుకోండి మేడమ్, నేను డైరెక్టుగా దింపుతా” అంటున్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వెళ్లి నగరంలో స్టీరింగ్ పట్టినవాళ్లకు కొదవ లేదు. ఊళ్లో ఒక తీరుగా ఉన్న మనిషి నగరంలో ఇంకో తీరుగా ఎందుకు ఉంటున్నాడన్నదే యాప్ బండ్ల నీతి మీద జరిగే చర్చకంతటికీ అసలు ముడి.

ప్రయాణికుల ఫిర్యాదులు అందరికీ తెలిసినవే. బుక్ చేసిన బండి మ్యాపులో ఒకేచోట పది నిమిషాలు నిలబడుతుంది. తర్వాత ఫోన్ వస్తుంది: “డ్రాప్ ఎక్కడ సార్? క్యాషా, ఆన్‌లైనా? మీకు ఎంత చూపిస్తోంది?” మూడింటిలో ఒక్క జవాబు నచ్చకపోయినా ఫోన్ కట్. తానే క్యాన్సిల్ చేస్తే తనకు దెబ్బ కాబట్టి కదలకుండా కూర్చుని, విసిగిపోయిన ప్రయాణికుడి చేతే చేయిస్తాడు. ఏసీ వేయమంటే అదనం, వానొస్తే అదనం, గేటు లోపలికి రమ్మంటే అదనం. ఇదంతా ఒక జాతి తప్పు. ఒంటరిగా ఎక్కిన ఆడమనిషిని అద్దంలోంచి అదే పనిగా చూడటం, దిగిపోయాక ఆమె నంబరుకు మెసేజ్‌లు పెట్టడం, తాగి నడపడం, అడిగినా చెప్పకుండా దారి మళ్లించడం మరో జాతి. పత్రికలు ఈ రెంటినీ డ్రైవర్ల ఆగడాలు అనే ఒకే శీర్షిక కింద వేస్తాయి. చర్చ పక్కదారి పట్టేది అక్కడే. మొదటిది లెక్కలోంచి పుడుతుంది. రెండోది తలుపులు మూసిన బండిలో ఒకరి మీద ఇంకొకరికి దొరికే పట్టులోంచి పుడుతుంది. మొదటిదానికి జైలు మందు కాదు, రెండోదానికి కిరాయి పెంపు మందు కాదు. మొదటిదాని గురించే ఎక్కువ చెప్పుకోవాలి, అది రోజూ జరిగేది, మార్చగలిగేది కాబట్టి.

యాప్ రాకముందు హైదరాబాద్ ఆటోల పరిస్థితి గుర్తు చేసుకోకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. నగరంలో ఆటో మీటరు రేట్లను సర్కారు చివరగా సవరించింది 2014లో: మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. ఆ తర్వాత ఇంధనం, ఇన్సూరెన్సు, ఇంటి అద్దె అన్నీ పెరిగాయి, మీటరు మాత్రం అక్కడే ఆగింది. బతకలేని రేటును చట్టం చేసి కూర్చుంటే, చట్టం ప్రకారం నడిచేవాడు ప్రతి కిలోమీటరుకూ నష్టపోతాడు, తప్పేవాడు ఇల్లు గడుపుకుంటాడు. మీటరు అలంకారమైపోయింది, “మీటర్ మీద ఇంకో ఇరవై ఇవ్వండి” అనేది మర్యాదగా బేరమాడే పద్ధతి అయింది. ఇందులో డ్రైవర్ల దురాశ పాలెంత, సర్కారు నిర్లక్ష్యం పాలెంత అని విడదీయడం కష్టం. ఓలా, ఊబర్ వచ్చింది ఈ బేరం విసుగులోకే. రేటు ముందే కనిపిస్తుంది, గొంతు పెంచాల్సిన పని లేదు, బండి గుమ్మం ముందుకే వస్తుంది. మొదటి రెండు మూడేళ్లు పెట్టుబడిదారుల డబ్బు ధారగా పారింది: ప్రయాణికుడికి సగం ధర, డ్రైవర్‌కు ఇన్సెంటివ్. ఆ ఇన్సెంటివ్‌ను జీతమనుకుని ఎంతోమంది ఫైనాన్స్‌లో కార్లు తీశారు. ధార సన్నబడింది, కిస్తీ సన్నబడలేదు. 2016 డిసెంబరు ఆఖర్న, కొత్త సంవత్సరపు పూటే, హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు సమ్మెకు దిగారు.

ఒక్క ట్రిప్పును దగ్గర నుంచి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. ఫోన్ తెర మీద గంట మోగుతుంది, కొన్ని సెకన్లలో నొక్కాలి. గిరాకీ మూడు కిలోమీటర్ల అవతల ఉన్నాడు, దింపాల్సింది ఆరు కిలోమీటర్లు. ప్రయాణికుడికి కనిపించే కిరాయి 120 రూపాయలు. అందులో పావు వంతు కంపెనీ కమీషన్ అనుకుంటే డ్రైవర్ చేతికి వచ్చేది 90. ఖాళీగా వెళ్లిన మూడూ, నిండుగా వెళ్లిన ఆరూ కలిపి బండి తిరిగింది తొమ్మిది కిలోమీటర్లు. లీటరు డీజిల్ 95 రూపాయలు, నగర ట్రాఫిక్‌లో లీటరుకు పదిహేను కిలోమీటర్లు అనుకుంటే నూనెకే 57 పోయింది. ముప్పావు గంట పనికి మిగిలింది 33 రూపాయలు. కిస్తీ, టైర్లు, సర్వీసింగ్, ఇన్సూరెన్సు, తన కూలి అన్నీ అందులోంచే రావాలి. ఇప్పుడు అదే గిరాకీని క్యాన్సిల్ చేయించి, అదే 120 నగదుగా తీసుకుంటే? మిగులు 63. ఒక్క మాటతో సంపాదన దాదాపు రెట్టింపు. ప్రయాణికుడికి పైకి నష్టమేమీ కనిపించదు, కాబట్టి డ్రైవర్ మనసుకు అది మోసంగా తోచదు కూడా. ప్రయాణికుడు పోగొట్టుకునేది వేరే ఉంది: ట్రిప్పు యాప్‌లో లేకపోతే జాడ ఉండదు, ప్రమాదం జరిగితే బీమా అడగడానికి ఆధారం ఉండదు. నేను చెప్పదలచింది ఇదే. ఈ వృత్తిలో నిజాయితీకి ఒక ఖర్చు ఉంది. దాన్ని రూపాయల్లో లెక్కగట్టవచ్చు. ఇప్పటి ఏర్పాటులో ఆ ఖర్చంతా డ్రైవర్ జేబులోంచే పోతోంది. దాన్ని కంపెనీ, సర్కారు, ప్రయాణికుడు కొంత కొంత పంచుకోనంత వరకు శిక్షణ తరగతులూ, నక్షత్రాల రేటింగులూ, జరిమానాలూ పెద్దగా పనిచేయవు.

ఇది ఊహ మీద కట్టిన లెక్క కాదని చెప్పడానికి ఆధారాలున్నాయి. 2024 ఏప్రిల్‌లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ హైదరాబాద్‌లో ‘నో ఏసీ’ ఉద్యమం మొదలుపెట్టింది. ఏసీ వేసి నడిపితే కిలోమీటరుకు 16 నుంచి 18 రూపాయల ఖర్చు, చేతికొచ్చేది 10 నుంచి 12 అని యూనియన్ వాదన. ఎండల కాలంలో ఏసీ ఆపడం ప్రయాణికుడి కంటికి మొండితనం. ఆ రెండు అంకెల మధ్య నిలబడి చూస్తే అది బహిరంగంగా పెట్టిన లెక్కల పుస్తకం. చాటుగా రాబట్టుకునేదాన్ని యూనియన్ బోర్డు కట్టి అడిగింది. నా దృష్టిలో నీతి వైపు ఒక అడుగు పడిందంటే అక్కడే పడింది. అదే ఏడాది మార్చిలో పైగాం అనే సంస్థ, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో పదివేల మందికి పైగా క్యాబ్ డ్రైవర్లను, డెలివరీ పనివాళ్లను అడిగి తయారుచేసిన నివేదిక వచ్చింది. క్యాబ్ డ్రైవర్లలో 83 శాతం మంది రోజుకు పది గంటలు మించి, దాదాపు మూడో వంతు మంది పద్నాలుగు గంటలు మించి పనిచేస్తున్నారు. ఖర్చులు పోను రోజుకు 500 కూడా మిగలనివాళ్లు 43 శాతం. పద్నాలుగు గంటలు మించి నడిపేవాళ్లు దళిత, ఆదివాసీ డ్రైవర్లలో ఎక్కువ, పైకులాల డ్రైవర్లలో బాగా తక్కువ. కాబట్టి డ్రైవర్ల నీతి అన్నప్పుడు ఎవరి గురించి మాట్లాడుతున్నామో కూడా మరచిపోకూడదు. పని పరిస్థితులను కొలిచే ఫెయిర్‌వర్క్ బృందం 2022లో భారత కంపెనీలకు మార్కులు వేస్తే ఓలాకు, ఊబర్‌కు పదికి సున్నా వచ్చింది.

రోజు లక్ష్యం అనేది ఇంకో చిక్కు. 1997లో కామెరర్, బాబ్‌కాక్, లోవెన్‌స్టీన్, థేలర్ అనే ఆర్థికవేత్తలు న్యూయార్క్ టాక్సీ డ్రైవర్ల ట్రిప్ షీట్లు తిరగేసి, వాళ్లు రోజుకింత సంపాదించాలని ఒక గీత గీసుకుని పనిచేస్తారనీ, గీత దాటగానే ఇంటికి పోతారనీ చెప్పారు. తర్వాత ఫార్బర్ మరింత సమాచారం పెట్టి దీన్ని చాలావరకు కాదన్నాడు. వాళ్ల తగువు వాళ్లది. మనవైపు ఆ గీతను డ్రైవర్ తనకు తానే గీసుకోనక్కర్లేదు. ఫైనాన్స్ కంపెనీ కిస్తీ ఒక గీత గీస్తుంది, ఇన్ని ట్రిప్పులు కొడితే ఇంత అనే ఇన్సెంటివ్ ఇంకోటి గీస్తుంది. సాయంత్రం ఏడింటికి పన్నెండో ట్రిప్పు దగ్గర ఉన్నవాడికి మూడు కిలోమీటర్ల అవతలి గిరాకీ మనిషిలా కనిపించదు, గీతకు అడ్డంలా కనిపిస్తుంది. నిద్ర ఆపుకుని నడపడమూ, చిన్న ట్రిప్పులు వదిలేయడమూ అక్కడి నుంచే వస్తాయి. 2020 నాటి కేంద్ర మార్గదర్శకాలు డ్రైవర్ రోజుకు పన్నెండు గంటలకు మించి లాగిన్‌లో ఉండకూడదన్నాయి. కాగితం మీద బాగుంది. ఒక యాప్ మూసి ఇంకో యాప్ తెరిచేవాడిని ఎవరు పట్టుకుంటారు, పట్టుకుంటే ఆ రోజు కిస్తీ ఎవరు కడతారు అన్నదానికి మాత్రం జవాబు లేదు.

డ్రైవర్లు అమాయకులనే వాదన నాది కాదు. నకిలీ జీపీఎస్ యాప్‌లతో కదలని బండిని కదిలినట్టు చూపి ఇన్సెంటివ్ లాగినవాళ్లున్నారు. స్నేహితుల ఫోన్లతో లేని ట్రిప్పులు పుట్టించినవాళ్లున్నారు. అమెరికా రాజధాని పక్కనున్న రీగన్ విమానాశ్రయంలో డ్రైవర్లందరూ ఒక్కసారిగా యాప్‌లు ఆపేసి, బండ్ల కొరత సృష్టించి, రేటు పెరగ్గానే మళ్లీ తెరిచేవాళ్లని 2019లో అక్కడి టీవీ చానల్ ఒకటి బయటపెట్టింది. మరి వీళ్లు ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నారు? కొరత పెరిగితే రేటు పెరుగుతుందని, కనపడని మీట నొక్కి జనం జేబు తడమవచ్చని ముందు చేసి చూపించింది యాపే. మన దగ్గర ఐదు నిమిషాల్లో ఆటో, లేదా యాభై రూపాయలు ఇస్తామని ప్రకటించిన ర్యాపిడోకు 2025 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనల కింద పది లక్షల జరిమానా వేసింది. 2024 అక్టోబరులో వాపసు డబ్బును కూపన్ల రూపంలోనే అంటగట్టవద్దని, బ్యాంకు ఖాతాలో తీసుకునే వీలు కూడా ఇవ్వమని ఓలాను అదే సంస్థ ఆదేశించింది. ప్రయాణం మొదలవకముందే టిప్ ఇస్తే బండి త్వరగా వస్తుందని అడిగే పద్ధతిని 2025 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి ప్రహ్లాద్ జోషి అనైతికమన్నారు, ఊబర్‌కు నోటీసు వెళ్లింది. “ఇంకో ఇరవై ఇవ్వండి” అని ఆటోవాడు అడిగితే దోపిడీ, అదే ఇరవై తెర మీద మీటగా వస్తే సౌకర్యం! మేస్త్రీ తూకం తప్పుగా వేస్తుంటే కూలీకి ధర్మపన్నాలు చెప్పడం ఎవరి చెవికెక్కుతుంది?

రెండో జాతి తప్పు దగ్గర మాత్రం ఈ సానుభూతి పనికిరాదు. 2014 డిసెంబరు 5న ఢిల్లీలో ఊబర్ కారులో ఒక యువతి మీద అత్యాచారం జరిగింది. ఆ డ్రైవర్ మీద అంతకు ముందే కేసులున్నాయని, నడవడిక ధ్రువపత్రం నకిలీదని తర్వాత తేలింది. మరుసటి ఏడాది కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. ఇక్కడ కిరాయి, కిస్తీ, కమీషన్ ఏవీ సంజాయిషీ కావు. కావలసింది ముందస్తు పోలీసు తనిఖీ, జాడ తీయగల బండి, ఒక్క పిలుపుకు స్పందించే యంత్రాంగం. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో తెచ్చిన టీ-సేఫ్ అనే సేవ ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా గమనిస్తుంది, ఏ బండి ఎక్కినా పనిచేస్తుంది, కంపెనీ దయ మీద ఆధారపడదు. ఇలాంటిదే సరైన దారి. ఒక్క మాట మాత్రం కలపాలి. మొదటి జాతి తప్పు రెండోదానికి తలుపు తీస్తుంది. క్యాన్సిల్ చేయించి నడిపిన ట్రిప్పు ఏ తెర మీదా ఉండదు. నగదు బేరాన్ని మనం చిన్న విషయమని వదిలేసిన ప్రతిసారీ ప్రయాణికురాలికి ఉన్న ఒక్క సాక్షిని పంపించేస్తున్నట్టే.

డ్రైవర్ల నడవడికకు కంపెనీలు చూపించే పెద్ద సాధనం నక్షత్రాలు. ఇది అడ్డా మీది పేరుకు నకలు, అసలు కాదు. అడ్డాలో ఒకరు చెడ్డగా చెబితే ఇంకొకరు “వాడు అట్లాంటోడు కాదు” అంటారు, వాదన వింటారు, పెద్దమనిషి ఒకడు మధ్యలో కూర్చుంటాడు. నక్షత్రానికి నోరు లేదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కోపం, ఏసీ వేయలేదన్న అలక, పేరు చూసి పుట్టిన ద్వేషం అన్నీ ఒకే అంకెలో కలిసిపోతాయి. 2018 ఏప్రిల్‌లో లక్నోలో ఒకాయన డ్రైవర్ ముస్లిం అని క్యాబ్ రద్దు చేసుకుని, ఆ సంగతి గొప్పగా ట్విట్టర్‌లో పెట్టుకున్నాడు. చెప్పుకున్నాడు కాబట్టి తెలిసింది. చెప్పకుండా ఒక్క నక్షత్రం నొక్కేవాళ్ల లెక్క ఎక్కడుంటుంది? రేటింగ్ పడిపోయి ఐడీ బ్లాక్ అయితే డ్రైవర్‌కు కనిపించేది ఒక మెసేజ్. ఎవరు, ఎప్పుడు, ఏ ట్రిప్పులో, ఏమన్నారు అన్నది ఉండదు. పొద్దున లేచేసరికి ఉద్యోగం లేదు, కిస్తీ మాత్రం ఉంది. తప్పు చేసి బ్లాక్ అయినవాడికీ, చేయక బ్లాక్ అయినవాడికీ ఒకే మెసేజ్ వస్తే, తప్పు చేయకుండా ఉండటం వల్ల ఒనగూరేదేమిటి? విచారణ లేని శిక్ష భయం పెడుతుంది, బుద్ధి నేర్పదు.

ఇక అభ్యంతరాలు. ఇదంతా పేదరికాన్ని నీతి తప్పడానికి సాకుగా చూపడమే, ఆటోలో మరిచిపోయిన నగల సంచిని పోలీస్ స్టేషన్‌కు తెచ్చి అప్పగించిన డ్రైవర్లు కూడా ఇదే కిరాయి మీద బతుకుతున్నారు కదా అంటారు. నిజమే. అలాంటి వార్త మన పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. దాన్ని జాగ్రత్తగా చదివితే నా మాటకే బలం వస్తుంది. లక్షల సంచిని తిరిగిచ్చే మనిషే ఇరవై రూపాయల దగ్గర బేరమాడతాడు. మొదటిది తన సొమ్ము కాదని అతనికి స్పష్టంగా తెలుసు. రెండోది తనకు రావాల్సిందేనని, ఎవరో మింగుతున్నారని అతని నమ్మకం. దొంగతనానికి భయపడే మనసుకే అన్యాయమంటే మంట ఉంటుంది. నీతి లేకపోవడాన్ని అతనిలో వెతికితే దొరకదు. రెండో అభ్యంతరం గట్టి జరిమానా వేస్తే సరిపోతుందన్నది. మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్ కిరాయికి రానన్న డ్రైవర్‌కు జరిమానా వేయవచ్చంటోంది. డిసెంబరు 31 రాత్రి కోసం హైదరాబాద్ పోలీసులు రానంటే 500 చలానా అని హెచ్చరించడమూ మామూలే. మిగతా 364 రోజులూ? రోజుకు లక్షల ట్రిప్పులు తిరిగే నగరంలో ప్రతి “రాను”కూ సాక్ష్యం ఎవరు పట్టుకొస్తారు? పైగా యాప్ బండి రానని నోటితో అనదు, మ్యాపులో నిలబడుతుంది.

కంపెనీల అభ్యంతరం వేరు. మేం మధ్యవర్తులం, డ్రైవర్ స్వతంత్ర వ్యాపారి, అతని నీతి అతనిది అంటారు. రేటు తాను పెట్టలేని, గిరాకీని తాను ఎంచుకోలేని, ఎంచుకుంటే శిక్ష పడే వ్యాపారి ఏ బజారులో ఉన్నాడు? 2021 ఫిబ్రవరి 19న బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్లను స్వతంత్రులుగా కాక పనివాళ్లుగా పరిగణించాలని చెప్పింది కూడా ఇలాంటి ప్రశ్నల మీదే. నిజాయితీ ఖర్చును పైకి తోసిన ఉదాహరణ న్యూయార్క్‌లో ఉంది. అక్కడి టాక్సీ కమిషన్ 2018 డిసెంబరులో నిర్ణయించి, 2019 ఫిబ్రవరి నుంచి ఖర్చులు పోను గంటకు 17.22 డాలర్లు మిగిలేలా ట్రిప్పు రేటు కట్టే సూత్రం పెట్టింది. డ్రైవర్ ఖాళీగా ఎదురుచూసే సమయం కూడా ఆ సూత్రంలోకి వచ్చింది. బండ్లను ఊరికే తిప్పితే ఆ భారం కంపెనీ మీద పడుతుంది. ఫలితం అంతా తియ్యగా లేదు. ఖాళీ సమయం లెక్కకు రాకుండా 2024లో కంపెనీలు డ్రైవర్లను పని మధ్యలో యాప్ నుంచి బయటికి నెట్టడం మొదలుపెట్టాయి. అయినా ఖాళీ కిలోమీటరు ఎవరిదన్న ప్రశ్నను ఒక నగరం చట్టంలోకి ఎక్కించగలిగింది.

మన దగ్గర ఆ ఖాళీ కిలోమీటరు ఇంకా డ్రైవర్‌దే. 2025 జులైలో కేంద్ర రవాణా శాఖ కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. సొంత బండి డ్రైవర్‌కు కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలి, రద్దీ వేళ రేటు మూల ధరకు రెట్టింపు దాటకూడదు, కారణం లేకుండా రద్దు చేసినవాళ్లు ఎవరైనా కిరాయిలో పది శాతం, వంద రూపాయలకు మించకుండా, కట్టాలి, చేరేటప్పుడు నలభై గంటల శిక్షణ, అట్టడుగు ఐదు శాతం రేటింగ్ ఉన్నవాళ్లకు మూడు నెలలకోసారి మళ్లీ పాఠం. ప్రయాణికుడిని ఎక్కించుకోవడానికి ఖాళీగా వచ్చిన దూరానికి మాత్రం, దూరం మూడు కిలోమీటర్లలోపు ఉన్నప్పుడు తప్ప, డబ్బు అడగరాదు. ప్రయాణికుడి నుంచి అడగవద్దనడం సబబే కావచ్చు, కానీ కంపెనీ ఇవ్వాలని కూడా లేదు. ఎవరూ ఇవ్వని ఆ డబ్బును డ్రైవర్ “మీకు ఎంత చూపిస్తోంది?” అనే ప్రశ్నతో వసూలు చేసుకుంటాడు. నలభై గంటల పాఠంలో ఈ ప్రశ్న అడగకూడదని చెబుతారు, నలభై ఒకటో గంటలో డీజిల్ బంకు ఇంకో పాఠం చెబుతుంది. కమీషన్ మాని రోజుకు ఇంత అని చందా తీసుకునే పద్ధతికి ఆటోల విషయంలో ర్యాపిడో, ఊబర్ మళ్లాయి. దాంతో క్యాన్సిల్ చేయించే లాభం పోయింది, ఎందుకంటే కిరాయంతా డ్రైవర్‌దే. అయితే రేటు బాధ్యత తనది కాదని, ప్రయాణికుడూ డ్రైవరూ చూసుకోవాలని కంపెనీ చేతులు దులుపుకుంటే మళ్లీ పాత మీటరు బేరం వెనక తలుపులోంచి వస్తుంది. ఒక తప్పుకు మూలమైన లెక్క మారితే ఆ తప్పు తగ్గుతుంది, ఇంకో లెక్క తప్పుగా ఉంటే ఇంకో తప్పు పుడుతుంది. లెక్కే చూడాలనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

తెలంగాణ సర్కారు 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల, అంటే యాప్‌ల మీద పనిచేసేవాళ్ల, బిల్లు ముసాయిదాను ప్రజల ముందుంచింది. రాజస్థాన్ 2023లోనే ఇలాంటి చట్టం చేసి దేశంలో మొదటిదైంది, తర్వాత కర్ణాటక చేసింది. ఆ ముసాయిదాలో డ్రైవర్ల నమోదు, సంక్షేమ బోర్డు, ప్రతి లావాదేవీ మీద ఒకటి నుంచి రెండు శాతం రుసుము, కారణం రాసి ముందుగా నోటీసు ఇవ్వకుండా తొలగించరాదన్న నియమం, పని పంచే యంత్రం ఎలా నిర్ణయిస్తుందో డ్రైవర్‌కు తెలియాలన్న నియమం పెట్టారు. అందరూ బీమా గురించీ నిధి గురించీ మాట్లాడుతున్నారు. నీతి విషయానికి వస్తే నాకు ముఖ్యంగా తోచేవి చివరి రెండూ. నోటీసు, కారణం అంటే విచారణ, అంటే అడ్డా మీది పెద్దమనిషి తిరిగి రావడం. యంత్రం నియమాలు తెలియడమంటే సీరియల్ తిరిగి రావడం: ఈ గిరాకీ నాకెందుకు రాలేదు, పక్కవాడికెందుకు పోయింది అనే ప్రశ్నకు జవాబు ఉండటం. చట్టంలో ఇంకొకటి కూడా ఉండాలి. ప్రతి ట్రిప్పు చివర ప్రయాణికుడు ఇచ్చిందెంత, కంపెనీ ఉంచుకున్నదెంత, డ్రైవర్‌కు పోయిందెంత అని ఇద్దరి తెరల మీదా ఒకే రసీదు కనిపించాలి. తాను ఇచ్చిన 120లో 90 మాత్రమే డ్రైవర్‌కు చేరిందని కళ్లారా చూసిన ప్రయాణికుడు, వచ్చినవాడితో మాట్లాడే తీరు కొంతైనా మారుతుంది. ఏకవచనంలో పిలవడం, బుక్ చేసి పావుగంట కిందికి దిగకపోవడం, బండి గుమ్మం ముందుకు వచ్చాక రద్దు చేయడం కూడా నీతి లెక్కలోవే.

ఊళ్ల సంగతితో మొదలుపెట్టాం కాబట్టి ఊళ్లో పరిస్థితీ నిలకడగా లేదని చెప్పాలి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. ఆ మేలు చిన్నది కాదు. దాని దెబ్బ తగిలింది షేర్ ఆటోలకు. రాష్ట్రమంతా ఆటో డ్రైవర్లు రోడ్డెక్కారు. అడ్డా బలహీనపడితే నగరానికి కారు నడపడానికి పోయేవాళ్లు పెరుగుతారు, వాళ్లతో పాటు అడ్డా నేర్పిన కట్టుబాట్లు రావు, ఎందుకంటే యాప్‌లో వాటికి చోటు లేదు. నగరంలో మళ్లీ మనలో మనకే కొట్లాట: 2024లో ఉమ్మడి రాజధాని గడువు తీరగానే ఆంధ్ర నంబర్ బండ్లు హైదరాబాద్‌లో తిరగవద్దని ఇక్కడి డ్రైవర్లు అడ్డుకున్నారు, అక్కడి డ్రైవర్లు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నారు. కృష్ణకు ఈ ఒడ్డున ఒకడు, ఆ ఒడ్డున ఇంకొకడు, ఇద్దరి ఫోన్లలోనూ అదే యాప్, అదే కమీషన్.

మేళ్లచెరువు శంభులింగేశ్వరుడి గుడి దగ్గర శివరాత్రి జాతరకు జనం విరగబడి వస్తారు, ఎడ్ల పందాలు చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. అలాంటి రాత్రి ఆటోవాడు పది రూపాయలు ఎక్కువ అడగడా? అడుగుతాడు. ఎక్కిన ముసలమ్మ “నిన్నటిదాకా ఎంత తీసుకున్నవురా నాయనా” అని నిలదీస్తుంది, వెనక కూర్చున్నవాళ్లు వంత పాడతారు, తిరుగు ప్రయాణం ఖాళీగా రావాలని వాడు చెప్పుకుంటాడు, బేరం ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఆ ఖాళీ ప్రయాణం ఖర్చు అక్కడ అందరి ముందూ బయటపడింది, ఎక్కినవాళ్లంతా తలా కొంత పంచుకున్నారు. రేపు ఈ రోడ్ల మీదికీ యాప్ వస్తుంది, జాతర రాత్రి తెర మీద రెట్టింపు రేటు వెలుగుతుంది, మార్గదర్శకాల ప్రకారం అది నూటికి నూరుపాళ్లు చట్టబద్ధం. అప్పుడు ముసలమ్మ ఎవరిని నిలదీయాలి, డ్రైవర్ ఎవరికి చెప్పుకోవాలి అన్నది చట్టం రాసేవాళ్ల బల్ల మీద ఇవాళే ఉండాల్సిన ప్రశ్న.